ఏడు చుక్కల చెక్క కమ్మలు

మొన్న డాక్టరు నా మెడ ఎముకలను యంత్రంలో పెట్టి చూడాలన్నాడు. ఎనభై దాటి ఇన్నేళ్ళయిన మెడలో అరుగుదల తప్ప ఏముంటుందని గొణిగాను గానీ మా మనవరాలు వినలేదు. ముందురోజే ఆసుపత్రివాళ్ళు ఫోను చేసి, ఒంటి మీద గుండుసూదంత లోహం కూడా ఉండకూడదని చెప్పారు. ఆ యంత్రంలో పెద్ద అయస్కాంతం ఉంటుందట. సరేనని పొద్దున్నే గాజులు తీశాను, గొలుసు తీశాను. ముక్కుపుడక మాత్రం మనవరాలు సబ్బునీళ్ళు పోసి అరగంట తిప్పితే గానీ రాలేదు. చివరికి చెవుల కమ్మలు కూడా తీసి అద్దంలో చూసుకుంటే నా ముఖం నాకే నచ్చలేదు. బోడి చెవులతో గడప దాటడం మా అమ్మ నేర్పలేదు. బీరువా అడుగున ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో మెత్తటి గుడ్డలో చుట్టి దాచిన అమ్మ చెక్క కమ్మలు తీసి, మనవరాలి చేత పెట్టించుకున్నాను. వెనక మర బిగిస్తూ ఆ పిల్ల, "అవ్వా, ఈ స్క్రూ కూడా చెక్కేనా?" అని మూడుసార్లు అడిగింది.

ఆసుపత్రిలో నర్సమ్మాయి మనవైపు పిల్లే. కదిరి దగ్గర ఊరట, మడివాళలో ఏదో పీజీ హాస్టల్లో ఉంటుందట. నా చెవులు చూడగానే, "అమ్మమ్మా, ఇయర్ రింగ్స్ తీసేయాలి, మెటల్ అలౌ చెయ్యరు" అంది. చెక్కవి తల్లీ అన్నాను. నమ్మలేదు. చేతిలో ఉన్న కర్రలాంటి పరికరాన్ని ఒక చెవి దగ్గరా, ఇంకో చెవి దగ్గరా ఆడించింది. అది కూతపెట్టలేదు. ఆ పిల్ల వంగి, కమ్మను వేలితో నిమిరి, "అవును, వుడ్డే! అయితే ఉండనీయండి" అంది. ఆ తరవాత అరగంటసేపు ఆ గొట్టంలో కదలకుండా పడుకున్నాను. బయట ఎవరో మంచాలు బిగిస్తున్నట్లు ఒకటే దబదబ. నాకు ఆ చప్పుడేమీ పట్టలేదు. ఆ కమ్మల గురించి "ఉండనీయండి" అన్న మాట నేను వినడం అది రెండోసారి. మొదటిసారి ఆ మాట అన్నది మా ఆనేకల్ అత్త. ఆ మాట ఆమె నోట రావడం ఎంత వింతో తెలియాలంటే, మా నాయన సంగతీ, అమ్మ చెవుల సంగతీ ముందు చెప్పాలి.

చిక్కపేట వెనక ఒక వఠారంలో ఉండేది మా ఇల్లు. ఒక నడవ, అటు నాలుగు వాటాలు, ఇటు నాలుగు వాటాలు, మధ్యలో అందరికీ కలిపి ఒక నల్లి. కుళాయిని మేం నల్లి అనే అనేవాళ్ళం, ఇప్పటికీ నా నోట అదే వస్తుంది. పొద్దున నల్లి దగ్గర మొదలైన గలాటా బిందెలన్నీ నిండేదాకా ఆగేది కాదు. ఒక్కో వాటా ముందు ఒక్కో వాసన. ఒకరింట్లో బట్టలకు పెట్టే గంజి, ఒకరింట్లో సాంబ్రాణి, చలికాలం వస్తే అన్ని ఇళ్ళలోనూ అనపకాయలు. మా వాటా ముందు మాత్రం ఏడాది పొడుగునా కాలిన లక్క వాసన, చెక్కపొట్టు వాసన, వాటితో కలిసి కాచిన నూనె వాసన. అమ్మ చీరలోనూ, నా జడలోనూ, ఆఖరికి సంగటిలోనూ అదే వాసన ఉందని మా ఆనేకల్ అత్త దెప్పేది.

నాయన పేరు మునియప్ప. తరిమెన పనివాడు. కర్రముక్కను గిరగిరా తిప్పుతూ, దానికి ఉలి ఆనించి, గుండ్రంగా నున్నగా దించే పని అది. పగలంతా ఒక సాహుకారు కార్ఖానాలో మంచం కోళ్ళు, తొట్టెల కమ్మీలు, అప్పడాల కర్రలు దించేవాడు. ఇంట్లో, అరుగు మీద, సొంతంగా ఒక చిన్న తరిమెన పెట్టుకున్నాడు. యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరకడం గగనం. అందుకని దీపం అక్కరలేకుండా, తెల్లగా వెలుగు వచ్చాక, కార్ఖానాకు పోయేలోపల ఉన్న కాస్త సమయంలోనే ఇంటి పని. ఎడమచేత్తో విల్లు ముందుకూ వెనక్కూ లాగుతూ, కుడిచేత్తో ఉలి పట్టుకుని, దాని కొన జారకుండా కాలి బొటనవేలితో ఆపుకునేవాడు. నాయనకు మూడు చేతులున్నాయని నేను బళ్ళో చెప్పుకునేదాన్ని. ఏ కట్టెనైనా ముందు వాసన చూసేవాడు. చూసి, "ఇది ఇంకా పచ్చిగా ఉండాది, పోయినేడు వానలు దీనికి మరుపు రాలేదు" అని పక్కన పెట్టేవాడు. మనుషులతో అంత ఓపిగ్గా మాట్లాడటం నేను చూడలేదు. మాట్లాడకపోయినా ఆయన దగ్గర కూర్చుంటే చాలు, నాకు అదే పండుగ.

ఇక అమ్మ సంగతి. అమ్మకు బంగారం పడదు. ఈరోజుల్లో దీన్ని అలర్జీ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆరోజుల్లో ఆ మాట మాకెవరికీ తెలియదు. బంగారమే కాదు, వెండి, ఇత్తడి, ఏ లోహం ఒంటి మీద పెట్టుకున్నా అక్కడ ఎర్రగా దద్దుర్లు లేచి, రెండో రోజుకు చీము పట్టేది. అందుకే తాళిలో బంగారు బొట్టు బదులు పసుపు కొమ్ము కట్టుకునేది. చేతులకు గాజుగాజులు ఎలాగూ ఉన్నాయి. వచ్చిన చిక్కంతా చెవులతోనే. కుట్టించిన తూట్లు పూడిపోకుండా వాటిలో వేపపుల్లలు గుచ్చుకునేది. వఠారం ఆడవాళ్ళు ఆ పుల్లలు చూసి, లక్ష్మి నిలవని ఒళ్ళు అని చెవులు కొరుక్కునేవాళ్ళు. పేరంటానికి పిలిచేవాళ్ళు, పిలిచి పసుపు రాయడంలో అమ్మను ఆఖరున పెట్టేవాళ్ళు. అమ్మ నవ్వుతూ వెళ్ళి, నవ్వుతూ వచ్చేది. ఆ నవ్వు వెనక ఏముండేదో అప్పుడు నాకు తెలియదు.

పెళ్ళయిన కొత్తలో నాయన ఆ వేపపుల్లలు చూసి, "నా పెండ్లాము చెవిలో పొయ్యిలో పెట్టే పుల్ల ఉండేదేంది? తీసేయి, నేనొకటి చేసిస్తా" అన్నాడట. ఆలెమరం అని ఇక్కడ తెల్లటి మెత్తటి కట్టె దొరుకుతుంది, బొమ్మలు చేసేది. దానితో పప్పుగింజంత తల ఉన్న రెండు పుల్లలు దించి, తలలకు పచ్చ లక్క పట్టించి, మొగలి ఆకుతో మెరుగు పెట్టి ఇచ్చాడు. తూటుకు సరిగ్గా సరిపోయేటట్టు, వెంట్రుక దూరే సందు లేకుండా దించాడట. ఆ పనితనమే కొంప ముంచింది. ఉగాదికి అమ్మ తలంటు పోసుకుంది. నీళ్ళు తగిలి పుల్లలు ఉబ్బి చెవుల్లో బిగుసుకుపోయాయి. ఆముదం పోశారు, లాగారు, రాలేదు. చివరికి నాయనే సన్నటి రంపం తీసుకుని అమ్మ చెవి పక్కన కూర్చున్నాడు. ఈ కథ అమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఒకచోట ఆగి నవ్వేది. "మంచం కోడు మాదిరి మానును కోసే చెయ్యి, నా చెవి దగ్గర పుల్ల కోసేదానికి పూటంతా పట్టె. నాకు నొప్పి లేదు, ఏడ్చిందంతా మీ నాయనే" అనేది.

ఆ తరవాత నాయన ఒక పద్ధతి కనిపెట్టాడు. మెత్తటి కట్టె మానేసి గట్టి చేవ తీసుకోవాలి. బీటె అనే నల్లమాను చేవ గానీ, చింత చేవ గానీ. వాటిని దించి, కాచిన నువ్వులనూనెలో నెలల తరబడి నానబెట్టాలి. కట్టె కడుపు నిండా నూనె తాగితే ఇక నీళ్ళకు చోటుండదు. ఇలా నానబెట్టడానికి అమ్మ దగ్గర ఒక చిన్న జాడీ అడిగి తీసుకున్నాడు. అది వంటింట్లో ఊరగాయ జాడీల పక్కనే ఉండేది. మూత మీద సున్నంతో ఒక చుక్క పెట్టేవాడు, అదే గుర్తు. ఆ జాడీ నుంచి ఏడాదికి ఒక జత బయటికి వచ్చేది. కమ్మలే కాదు, పూసలు, జడకు పెట్టుకునే బిళ్ళ, చేతికి కడియం. అన్నీ అమ్మకే. కార్ఖానాలో సాహుకారు చూసి, ఇవి మనం చేసి అమ్ముదామా అంటే, "ఇవి మా ఇంటివప్పా" అని ఊరుకున్నాడట.

ఇప్పుడు ఆనేకల్ అత్త. నాయనకు అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తి పెంచింది ఆమే. ఆనేకల్‌లో మామకు నాలుగు మగ్గాలుండేవి. నెలకొకసారి పొద్దున బస్సుకు ఏదో ఒక మూటతో దిగేది. ఆమె గొంతు నల్లి దగ్గర వినిపిస్తే మా వాటాలో అన్నీ సర్దుకునేవి. ఆమె చెవులకు ఏడు రాళ్ళ బంగారు కమ్మలు. మధ్యలో ఒక రాయి, చుట్టూ ఆరు. తల తిప్పినప్పుడల్లా గోడ మీద చిన్న చిన్న వెలుగులు పడేవి. నాకు అత్తంటే ఆ వెలుగులే. అమ్మ చెవులు చూసినప్పుడల్లా ఆమె అనే మాట ఒకటే. "నాగమ్మా, కట్టె నగ ఎట్లవుతుందిమే? ఎవరన్నా వింటే నవ్విపోతారు." అమ్మ, "అవును వదినా" అనేది. నాయన విల్లు లాగుతూనే ఉండేవాడు.

ఒక చలికాలం అత్త అనపకాయల మూటతో వచ్చింది. అమ్మ నల్లి దగ్గర ఉంది. పొద్దున్నే బయలుదేరిన మనిషి, ఆకలి మీద ఉంది. సంగటి తానే పెట్టుకుని, మామిడికాయ ముక్క కోసం చేతికందిన జాడీలో చెయ్యి పెట్టింది. నూనె కారుతున్న నల్లటి ముక్క తీసి సంగటి పక్కన పెట్టుకుని, కసుక్కున కొరికింది. నేను చూస్తూనే ఉన్నాను. చెప్పేలోపలే కొరికేసింది. తరవాత వఠారం అదిరేలా కేక. "ఒరే మునెప్పా! మీ ఇంట్లో కట్టెలు ఊరబెట్టుకుని తింటారేందిరా?" నాయన అరుగు మీద నుంచి లేచి వచ్చి, అక్క చేతిలో ఉన్నది చూసి, గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఆయన అంత నవ్వడం నేను అదొక్కసారే చూశాను. కళ్ళు తుడుచుకుని, "అది ఇంకా ఊరలేదక్కా, ఉగాదికి రా" అన్నాడు. అత్త ఆ మాటను చాలాకాలం మరిచిపోలేదు. పంటి గాటు పడిన ఆ ముక్కను కూడా నాయన పారేయలేదు, మళ్ళీ దించి నా జడకు పూస చేశాడు.

నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. బళ్ళో ఒక పిల్ల, మీ అమ్మ కట్టె పెట్టుకుంటుందా అని అడిగితే సిగ్గేసి అబద్ధం చెప్పాను. అవి బంగారువేననీ, దొంగల భయానికి నల్ల రంగు పూసుకున్నామనీ. ఆ పిల్ల వాళ్ళ అమ్మకు చెప్పింది. ఆమె ఊరుకోక, రంగు ఎక్కడ పూయించారో కనుక్కుందామని మా ఇంటికే వచ్చింది. అమ్మ తెల్లబోయింది. నాయన మాత్రం చాలా గంభీరంగా, "ఆ రంగు మానుకే పడుతుందమ్మా, బంగారానికి పట్టదు" అని చెప్పి పంపించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇలా ఉండగా అత్త కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతుర్ని మేనమామ వెంటబెట్టుకుని వస్తుంటే, మేనమామ భార్య హారతి పళ్ళెం పట్టుకుని అందరికంటే ముందు నడవాలి. అంటే అమ్మ. పెళ్ళి వారం ఉందనగా అత్త వచ్చి, చీరకొంగు ముడి విప్పి, ఒక జత బంగారు కమ్మలు అమ్మ ముందు పెట్టింది. "మూడు దినాలు పెట్టుకోమే. నలుగురి ముందర నువ్వు కట్టె పెట్టుకుని పళ్ళెం పట్టుకుంటే, వియ్యాలవారి దగ్గర నా మర్యాద ఏం కావాల?" అంది. అమ్మ నాయన వైపు చూసింది. నాయన ఉలి వైపు చూశాడు. అమ్మ, "ఇవ్వండి వదినా" అని తీసుకుంది.

ఆనేకల్‌లో మూడు రోజులు అమ్మ ఆ కమ్మలతోనే ఉంది. మొదటి రోజు చెవులు ఎర్రబడ్డాయి. రెండో రోజు రాత్రి ఆమె ఏ వైపుకూ తిరిగి పడుకోలేకపోయింది. మూడో రోజు ముహూర్తానికి పళ్ళెం పట్టుకుని నవ్వుతూ నడుస్తుంటే, పక్కన కొంగు పట్టుకుని నడుస్తున్న నాకు ఆమె మెడ మీదికి దిగుతున్న చీము కనిపించింది. వియ్యాలవారికి మాత్రం బంగారమే కనిపించి ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కొంగు తల చుట్టూ కప్పుకుని కూర్చుంది. మూడు రోజులూ మగవాళ్ళ పనుల్లోనే ఉండిపోయిన నాయన, ఇంటికి వచ్చాక ఆ కొంగు తీసి చూశాడు. "ఎందుకు పెట్టుకుంటివి?" అన్నాడు. "మీకు అమ్మ మాదిరి చేసిన మనిషి. ఆయమ్మ బేజారు పడితే మీరు తట్టుకుంటారా?" అంది అమ్మ. నాయన లేచి పోయి వేపాకు నీళ్ళు కాచాడు. నెలరోజులు రెండు పూటలా ఆయనే కడిగాడు. కమ్మలు తీసుకుపోవడానికి అత్త వచ్చిన రోజు, అమ్మ చెవులకు ఇంకా గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. అత్త చూసింది. ఆరోజు మా ఇంట్లో నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఆ తరవాత బంగారం పెట్టుకోమని ఎప్పుడూ అనలేదు. కట్టె నగ కాదనే మాట మాత్రం వదల్లేదు. అత్తకు మాట వెనక్కి తీసుకోవడం అలవాటు లేదు.

అప్పుడు మొదలుపెట్టాడు నాయన ఈ కమ్మలు. అర్ధణా బిళ్ళంత బీటె చేవ, నల్లగా, మధ్యలో ఊదారంగు చారతో. ఆ బిళ్ళ మీద మధ్యలో ఒక గుంట, చుట్టూ ఆరు గుంటలు, అత్త ఏడు రాళ్ళ లెక్కనే. గుంటల్లో ఎర్ర లక్క కరిగించి నింపాడు. గుంటల్లోని పొట్టు ఊదే పని నాది. ఇంతవరకైతే ఎవరైనా చేయగలరేమో. వెనక మర ఉందే, అది నాయన తప్ప ఎవరూ చేసి ఉండరు. సన్నటి దారాన్ని కాటుకలో ముంచి కాడ చుట్టూ పాము చుట్టలా చుట్టి, ఆ నల్ల గీత వెంబడి ముక్కోణపు ఆకురాయితో రవ్వ రవ్వ రాసుకుంటూ పోవాలి. ఊపిరి గట్టిగా తీస్తే కాడ విరుగుతుంది. ఎన్ని విరిగాయో. విరిగిన ప్రతిసారీ, "పోనీలే, ఇది పోయి ఇంకోదానికి నేర్పింది" అని కొత్త ముక్క తీసుకునేవాడు. నేను నా జీవితంలో చాలామంది పనిమంతులను చూశాను, పుస్తకాలు రాసినవాళ్ళను, పాటలు పాడినవాళ్ళను. పని చెడినప్పుడు అంత నెమ్మదిగా ఇంకో ముక్క అందుకున్న మనిషిని మళ్ళీ చూడలేదు.

నాలుగు నెలలు జాడీలో ఉన్నాక ఒక ఆదివారం వాటిని తీసి, తుడిచి, అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ అరచేతంత అద్దంలో ఒక చెవి చూసుకుని, అద్దం అటు తిప్పి ఇంకో చెవి చూసుకుంది. "మా అక్క పెట్టుకునేది నువ్వూ పెట్టుకోవాల అనుకుంటి" అన్నాడు నాయన నేల చూస్తూ. "తలంటు పోసుకున్నా తీయబన్లేదు. నూనె బాగా తాగుండాది." అమ్మ అద్దం దించి, "తలంటు కాదు, నేను పొయ్యేదాంకా తీయను" అంది. అది పెళ్ళాం మొగుడితో ఆడే వేళాకోళపు మాటలా అనలేదు. ఒట్టు వేసినట్లు అంది.

ఇప్పుడు మా మనవరాలి గదిలో సొరుగు లాగితే చెక్క కమ్మలే. గుండ్రాలు, చదరాలు, ఏనుగు బొమ్మలు. ఒక్కొక్కదానికీ చేతిపని అని చీటీ కట్టి ఉంటుంది. అది పెట్టుకుని ఆ పిల్ల ఆఫీసుకు పోతే అందరూ బాగున్నాయంటారట. సంతోషమే. అమ్మను పేరంటంలో ఆఖరున కూర్చోబెట్టిన వస్తువు, మూడు తరాలకు షోకైంది. అయితే వెనక తిప్పి చూస్తే ఒక్కదానికి కూడా చెక్క మర లేదు. అన్నీ జిగురుతో అతికించిన ఇనుప కొక్కేలే. ఆ పిల్ల ముందు ఈ మాట అనను. అంటే, "మీ నాన్నను పొగడ్డం మొదలుపెట్టావా" అంటుంది. మొదలుపెట్టాను. ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడు పొగడను?

నాయన ఎక్కువ కాలం లేడు. నాకు పన్నెండేళ్ళప్పుడు ఆయనకు జ్వరం వచ్చింది. ఇరవై రోజులు తగ్గలేదు, ఇరవై ఒకటో రోజు నాయన లేడు. అంతకు ఏడాది ముందే ఆనేకల్ మామ పోయాడు, ఆ ఏడాదంతా అత్త గడప దాటలేదు. తమ్ముడి కోసం అత్త వచ్చినప్పుడు ఆమె చెవులు బోడిగా ఉన్నాయి. ఆ ఏడు రాళ్ళు తీసేశారు, కూతురికి వెళ్ళిపోయాయి. ఇంకెందుకులే అని వేపపుల్ల కూడా పెట్టుకోలేదు, తూట్లు అప్పుడే సన్నబడుతున్నాయి. గోడ మీద వెలుగులు పడని అత్తను నేను గుర్తుపట్టలేకపోయాను.

పదకొండో రోజు పొద్దున నల్లి దగ్గర ఆడవాళ్ళంతా చేరి అమ్మను కూర్చోబెట్టారు. గాజులు పగలగొట్టారు. బొట్టు తుడిచారు. పసుపుతాడు తీశారు. అమ్మ దేనికీ అడ్డం చెప్పలేదు, ఎవరు ఏ చెయ్యి అడిగితే ఆ చెయ్యి ఇచ్చింది. వఠారంలో పెద్దామె ఒకరు, "చెవులవి కూడా తీయాల" అని చెయ్యి చాచింది. అప్పుడు అమ్మ రెండు అరచేతులతో రెండు చెవులూ మూసుకుంది.  మూసుకున్న చేతులు వదల్లేదు. "ఆనవాయితీ నాగమ్మా, తప్పదు" అంటూ ఇద్దరు ఆమె చేతులు పట్టుకున్నారు. నేను ఏడుస్తూ అత్త వైపు చూశాను. ఆమె కంటే ఆనవాయితీ తెలిసినవాళ్ళు మా వంశంలో లేరు. ఇక అయిపోయిందనుకున్నాను.

అత్త లేచి వచ్చింది. "చేతులు తీయాల" అంది. పట్టుకున్నవాళ్ళు అమ్మతో అంటోందనుకున్నారు. "మిమ్మల్నేనమ్మా అనేది. అవి ఏందో తెలుసునా మీకు? కట్టె. బంగారమైతే తీయండి, వెండైతే తీయండి, నేనే దగ్గరుండి తీయిస్తా. కట్టె నగ ఎట్లవుతుంది? మా తమ్ముడి పెండ్లయినప్పట్నుంచి నేను ఇదే చెప్తా ఉండా. మీరందరూ అవునవునంటిరి కదా. ఒక్కరన్నా కాదంటిరా? నగే కానిదాన్ని తీసేదేముంది? ఉండనీండి."

చేతులు పట్టుకున్న ఇద్దరూ వదిలేశారు. ఏళ్ళ తరబడి వాళ్ళంతా అన్న మాటే అది. పెద్దామె చెయ్యి వెనక్కి తీసుకుంది. అమ్మ ఇంకా చాలా కాలం బతికింది. అన్న మాట ప్రకారం పొయ్యేదాకా అవి తీయలేదు.

ఆరోజు మధ్యాహ్నం అత్త ఊరికి బయలుదేరుతూ మూట కట్టుకుంటోంది. అమ్మ వంటింట్లోకి వెళ్ళి, సున్నం చుక్క ఉన్న జాడీ తెచ్చింది. జ్వరం రాకముందు నాయన దించి వేసిన జత ఒకటి అడుగున ఉంది. చుక్కలు లేవు, లక్క లేదు, ఉత్త నల్ల పుల్లలు. అమ్మ వాటిని కొంగుతో తుడిచి అత్త ముందు పట్టుకుంది.

"నాకెందుకుమే ఇంక?" అంది అత్త.

"కట్టే కదా వదినా" అంది అమ్మ.

అత్త ఆ పుల్లల వైపు చూసింది. తరవాత మూట పక్కన పెట్టి, జడ వేయించుకునే పిల్లలా అమ్మకు వీపు పెట్టి కూర్చుంది. సన్నబడిన తూట్లలోకి అమ్మ ఒకటి, నేను ఒకటి మెల్లగా దూర్చాం. నొప్పి పుట్టే ఉంటుంది, అత్త కదల్లేదు. నూనె ఆమె మెడ మీదికి కారింది. అది వేలితో తుడిచి, తమ్ముడు కట్టెను చూసినట్లే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇప్పుడు ఊరింది లేమే, నాగమ్మా" అంది.